బ్రేకు కాలు

ఫస్టు సర్వీసు తీసేముందర డ్రైవరనేవాడు బండి చుట్టూ ఒక రౌండు తిరగాల. టైర్లను రాడ్డుతో కొట్టి గాలి చూసుకోవాల, రేడియేటర్లో నీళ్ళు చూసుకోవాల, అద్దం తుడుచుకోవాల, పటానికి ఊదొత్తి వెలిగించి ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టాల. గురుమూర్తి స్టీరింగు పట్టినప్పట్నించీ ఈ పనులు ఇంకొకరి చేతికి ఇచ్చినోడు కాదు. ఆ పొద్దు మాత్రం మదనపల్లెలో బండి మెట్టు మీద కూచోని, కుడికాలు పైకి పెట్టుకోని, కండక్టరు నవీన్ చేత అన్నీ చేయించినాడు. బొటనవేలి మొదట్లో ఎర్రగా పొంగి, చర్మం నిగనిగలాడతా ఉండాది. చెప్పు ముందర తోలు కత్తెరతో కోసి పారేసినాడు. అయినా లాభం లేదు. గాలి తగిలినా నొప్పే.

"అన్నా, ఈ పొద్దు లీవు పెట్టేసి ఉండచ్చు గదా," అన్నాడు నవీన్.

"లీవు పెడితే ఆ సీట్లో ఇంకొకడు కూచుంటాడు. కూచున్నోడు మళ్ళా లేస్తాడా?"

నవీన్ నిమ్మకాయ సరిగా పెట్టి చేతులు దులుపుకున్నాడు.

ఓనరు నల్లప్పకు మూడు బండ్లుండాయి. అందులో మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే బండి గురుమూర్తిది. ఆయనది అంటే సొంతం కాదు, స్టీరింగు ఆయనది. ఆ మాటకు విలువ తెలియాలంటే బండి నడపాల. రోడ్డు మీద గుంతలన్నీ ఆయనకు పేరుపేరునా తెలుసు. ఏ ఊర్లో ఏ ముసలమ్మ చెయ్యెత్తకుండానే ఎక్కుతాదో తెలుసు.

క్లచ్చు ఎడమకాలిది. బ్రేకూ, యాక్సిలరేటరూ రెండూ కుడికాలివే. నొప్పి పెట్టేదానికి దేవుడికి వేరే కాలే దొరకలేదు. ఆ పొద్దు గురుమూర్తి వేలు పైకెత్తిపట్టి, మడమతో తొక్కతా బండి నడిపినాడు. మడమకు బ్రేకు మోతాదు తెలీదు. మెల్లగా అదమాల్సిన చోట గబుక్కున పడతాది. పుంగనూరు ఇంకా కొంచెం దూరం ఉండాదనగా ఆవొకటి దూడను వెంటేసుకోని రోడ్డుకు అడ్డం వచ్చింది. గురుమూర్తి తొక్కినాడు. బండి తల కిందికేసి నిలబడిపోయింది. నిలబడుకున్నోళ్ళంతా ఒకరిమీద ఒకరు పడినారు. ఒకామె గంపలోని టమేటాలు ఇంజను దాకా దొర్లుకోనొచ్చినాయి.

"ఏం డ్రైవరూ, పొద్దున్నే ఏసుకోనొచ్చినావా?" అని వెనకాల్నించి ఒకాయన.

గురుమూర్తి తిరిగి చూడలా. చూసి ఉంటే ఇంకా ఇబ్బందే. నొప్పికి రేత్రంతా నిద్ర లేదు, కండ్లు రెండూ ఎర్రగా ఉండాయి. పుంగనూరులో మొగం కడుక్కుందామని దిగినాడు. కుడికాలు మోపలేక, బండి పక్క పట్టుకోని, ఇటు ఒక అడుగు అటు ఒక అడుగు వేస్తా కుళాయి దాకా పోయినాడు. కిటికీల్లోంచి అందరూ చూస్తానే ఉండారు.

"సూడు, ఎట్ల తూల్తాండాడో. ఈని సేతిలో మన పాణాలు పెట్టుకోని పోతాండాము," అన్నింది టమేటాల ఆమె.

"కాలు నొప్పిమా ఆయనకి," అన్నాడు నవీన్. గొంతులో బలం లేదు. టిక్కెట్లు కొట్టే మనిషికి ప్యాసింజర్లతో వాదన ఎందుకని వాడి లెక్క.

గురుమూర్తి కుళాయి నీళ్ళు మొగాన చల్లుకున్నాడు. తాగలేదు. బండి మీద ఉన్నంతసేపూ ఆయన నీళ్ళు తాగడు. తాగితే మధ్యలో బండి ఆపాల. బండి ఆపితే అరిచేవాళ్ళు ఇరవై మంది. ఈ రోడ్డు మీద బండి నడిపే డ్రైవర్లందరిదీ ఇదే పద్ధతి. అయితే పలమనేరులో బండి ఆగే హోటలాయన డ్రైవరుకు చల్లని బాదంపాలు ఊరికే ఇస్తాడు. బండి తన హోటలు ముందరే ఆపినందుకు అది మర్యాద. ఒకటి తాగితే ఇంకొకటి పోస్తాడు. వద్దంటే ఆయన మొగం మాడిపోతాది.

* * *

ఆ సాయంత్రం మదనపల్లెలో డాక్టరు దగ్గరికి నవీన్ తోడొచ్చినాడు. భుజం పట్టుకోకుంటే గురుమూర్తి మెట్లెక్కలేడు. ఇది మూడోసారి రావడం. డాక్టరు రిపోర్టు అటుతిప్పి ఇటుతిప్పి చూసినాడు.

"యూరిక్ యాసిడ్, అంటే కీళ్ళలో చేరి వాపు తెచ్చేది, తొమ్మిదిన్నర. ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో కొవ్వు, ఆరు వందలు దాటింది. పోయినసారి యూరిక్ యాసిడ్‌కి మాత్ర రాశాను. వాడావా?"

"వాడినా సార్. వారానికంతా నొప్పి ఎక్కువయ్యింది. అందుకని ఆపేసినా."

"ఆపమని ఎవరు చెప్పారు?"

"నొప్పే చెప్పింది సార్."

"నొప్పి డాక్టరైతే నా దగ్గరికెందుకొచ్చావు మరి?"

 తగ్గేదానికని మాత్ర ఇస్తే పెరిగింది. మళ్ళా వేసుకున్నాడు, మళ్ళా పెరిగింది. ఎవరికైనా ఏమనిపిస్తాది? మాత్రే మనిషిని చంపుతాండాదనిపిస్తాది. ఆ మాట అడగాలని నోరు తెరిచేలోగా డాక్టరు ఇంకో ప్రశ్నకు పోయినాడు.

"రోజుకు ఎంత తాగుతావు?"

"నీళ్ళా సార్?"

"నీళ్ళ సంగతి నేనెందుకడుగుతాను? మందు."

"నేను తాగను సార్. ఎప్పుడూ తాగలేదు."

డాక్టరు అప్పుడు తలెత్తి, గురుమూర్తి కండ్లకేసి చూసినాడు. "చూడు, ఈ రెండూ ఇట్లా జతగా పెరిగాయంటే నేను అడగనక్కర్లేదు. డ్రైవరువి. ఆ కళ్ళు చూడు. మానకపోతే నేనెన్ని మాత్రలు రాసినా గంగలో పోసినట్టే. బీపీ, షుగరు, వేరే ఏమన్నా మాత్రలు వాడుతున్నావా?"

"ఏం లేవు సార్," అన్నాడు గురుమూర్తి.

డాక్టరు బీపీ చూసినాడు. బాగానే ఉండాది. ఉండకేం, పొద్దున్నే మాత్ర మింగినాడు గదా.

అది గురుమూర్తి మాత్ర కాదు, వాళ్ళమ్మది. ఇంట్లో తప్ప ఇంకెవరికీ తెలీకూడని సంగతి అది. బీపీ ఉండాదని తెలిస్తే నల్లప్ప స్టీరింగు ఇయ్యడు. శ్రీనివాసులని ఒక డ్రైవరు, గురుమూర్తికి గేర్లు వేయడం నేర్పినోడు, ఒకరోజు షెడ్డులో కండ్లు తిరిగి కూలబడినాడు. బీపీ అని తేలింది. మరుసటి దినం నుంచి ఆయన చేతికి గాలిపైపు ఇచ్చినారు. ఈపొద్దుటికీ షెడ్డులో టైర్లకు గాలి పడతా, బండ్లు కడగతా ఉండాడు. బండి బయటికి పోయేటప్పుడు ఆయన అటు తిరిగి నిలబడుకుంటాడు. ఆ నిలబడుకునేది గురుమూర్తి రోజూ చూస్తాడు.

బయటికొచ్చినాక నవీన్ మెల్లగా అన్నాడు, "అన్నా, నాతో దాపరికం యాల? ఎప్పుడన్నా ఒక పెగ్గు ఏస్తావేమో, అదేం తప్పు కాదులే."

"ఒరేయ్, నీ ముందరే గదా సెప్పింది తాగనని."

"డాక్టరు అంత గట్టిగా సెప్తాంటే…"

గురుమూర్తి వాడి భుజం మీది చెయ్యి తీసేసినాడు. ఒంటికాలి మీద గెంతతా ఆటో దాకా పోయినాడు.

* * *

నవీన్ చెడ్డోడు కాదు. ఒకరిద్దరికి చెప్పినాడంతే. అది చాలు. మరుసటి దినం మధ్యాహ్నానికి ఆ మాట గురుమూర్తి కంటే ముందు పుంగనూరులోని ఆయన ఇంటికి చేరిపోయింది.

ఇంటికి పోయేసరికి పెండ్లాం ఆదిలక్ష్మి బియ్యం చెరుగుతా కూచోనుండాది. చాట చప్పుడు వింటేనే తెలుస్తాది కోపమని.

"ఆడోళ్ళ సంఘం మీటింగులో పదిమంది ముందర నన్నడిగినారు," అన్నింది తల ఎత్తకుండా. "మీ ఆయన గూడా మొదులుపెట్టినాడంటనే అని. మా ఆయన బీడీ గూడా తాగడని ఇన్నేండ్లూ సెప్పుకుంటా తిరిగినా. ఈపొద్దు నా మొగం యాడ పెట్టుకోను?"

"నేను తాగలేదని నీకు తెల్దా?"

"నాకు తెలిస్తే సాలునా? ఆ డాక్టరుకు నిజం సెప్పుంటే ఆయనట్ల అంటాడా? అత్త మాత్ర మింగుతాండానని సెప్పేదానికి ఏమి?"

"సెప్తే? ఆ నవీన్ గాడు పక్కనే ఉండాడు. పొద్దునకంతా నల్లప్ప సెవిలో పడతాది. రేపట్నించి నేను గూడా గాలి పట్టుకుంటా కూచోవాల."

గోడవారగా మంచం మీదున్న గురుమూర్తి తల్లి వెంకటరత్నమ్మ ఇదంతా వింటానే ఉండాది. ఆమెకు బీపీతోపాటు కాళ్ళ వాపులుండాయి. రెండిటికీ కలిపి ఒకే మాత్ర ఇచ్చినారు. అది వేసుకుంటే మాటిమాటికీ ఒంటికి పోవాల్సొస్తాది, వాపు దిగుతాది. బస్టాండు దగ్గర ఎవరో ఊరికే బీపీ చూస్తాంటే చెయ్యి చాపి, ఎక్కువుండాదని తెలుసుకోని గురుమూర్తి బిక్కచచ్చి ఇంటికొచ్చిన దినం, ఆమే తన డబ్బాలోంచి తీసిచ్చింది. తల్లికి పనిచేసేది బిడ్డకు పనిచేయదా అని. పనిచేసింది. తల తిరగడం పోయింది. అప్పట్నించీ నెలనెలా ముసలామె పేరుతో రెండింతల మాత్రలు కొంటాండారు.

"నా మాత్రలో ఏం దోసముండాదిరా? నాకు పదేండ్లుగా ఏమీ కాలా," అన్నింది వెంకటరత్నమ్మ.

"నీ మాత్రను ఎవురేమన్నారు లేమా," అన్నాడు గురుమూర్తి విసుగ్గా. అనేసి, పొద్దున మర్చిపోయిన మాత్రను డబ్బాలోంచి తీసి, ఒక గుక్క నీళ్ళతో మింగినాడు.

ఆదిలక్ష్మి చాట కింద పెట్టింది. "ఎవురన్నా ఏమన్నా అంటే మూసుకోని రావాల్సింది నేను. నువ్వేమో హాయిగా స్టీరింగు పట్టుకోని పోతాంటావు."

హాయిగా అనే మాటకు గురుమూర్తికి నవ్వు రావాల్సింది. రాలేదు. బకెట్లో కాలు పెట్టుకోని కూచున్నాడు.

* * *

రెండు దినాలు అట్లే ఈడ్చినాడు. మూడోనాడు కుప్పంలో బండి ఆపినాక దిగలేకపోయినాడు. ఒక్క వేలు కాదు, పాదమంతా ఉబ్బిపోయి మడమ గూడా మోపనియ్యలా. నవీన్ ఓనరుకు ఫోను చేసినాడు. షెడ్డులో ఖాళీగా ఉన్న ఇంకో డ్రైవరు, భరత్ అనే చిన్నోడు, వి.కోట దాకా ఏదో బండిలో వచ్చి, ఆడ్నించి ఇంకో బండి పట్టుకోని వచ్చినాడు. వచ్చీరాగానే సీటు తనకు తగ్గట్టు ముందుకు జరుపుకున్నాడు. గురుమూర్తి అది చూసినాడు. చూసి ఆటో ఎక్కినాడు.

కుప్పంలో డాక్టరమ్మ పేరు సుష్మ. చిన్నవయసు. రూములో ఆమే, గురుమూర్తీ తప్ప ఎవరూ లేరు. ఆమె కాలు ముట్టుకోకుండానే వంగి చూసింది. పాత రిపోర్టులన్నీ బల్ల మీద పరిచింది.

"రోజూ మీరేం తాగుతారో, ఏం మింగుతారో చెప్పండి. పొద్దున లేచినప్పట్నించి."

తాగుడు అనుకోని గురుమూర్తికి చిర్రెత్తుకొచ్చింది. "నేను తాగను మేడం. కావాల్నంటే రక్తం తీసి సూసుకోండి."

"మందు గురించి అడగలేదు. కాఫీ, నీళ్ళు, కూల్‌డ్రింకులు. అన్నీ."

ఇంతకాలానికి ఒకరు నీళ్ళ గురించి అడిగినారు. గురుమూర్తికి ఏడుపొచ్చినంత పనయ్యింది. నీళ్ళు తాగనని చెప్పినాడు. ఎందుకు తాగడో చెప్పినాడు. బాదంపాల సంగతీ చెప్పినాడు. ఆమె రాసుకుంటా పోయింది.

"ఆ చక్కెర పాలు రోజుకు రెండు మూడంటే ఈ కొవ్వు పెరగడానికి అది చాలు. యూరిక్ యాసిడ్‌నీ ఎగదోస్తుంది. కానీ ఇంకా ఏదో ఉంది. బీపీ మాత్రలేమైనా?"

"లేవు మేడం."

"ఒంటికి ఎక్కువ పోయే మాత్ర ఏదైనా? అట్లాంటి మాత్ర ఒంట్లో నీళ్ళను బయటికి తోసి, యూరిక్ యాసిడ్‌ని లోపలే పట్టేసుకుంటుంది. కొవ్వునీ కొంచెం పెంచుతుంది. మీరు నీళ్ళూ తాగరు. అది వేసుకుంటూ పైన నేనేం రాసినా ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో తోడినట్టే. అందుకే అడుగుతున్నాను."

గురుమూర్తి కాలివైపు చూసుకున్నాడు. మూడు నెలలుగా ఆ వేలు పెట్టిన బాధంతా, పడిన మాటలన్నీ, ముసలామె డబ్బాలోంచి వస్తాండాయా? ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలీలా.

"మాయమ్మది మేడం," అన్నాడు. "మాయమ్మ బీపీ మాత్ర. ఏడాదిగా వేసుకుంటాండాను."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "ఇద్దరు డాక్టర్లం అడిగుంటాం ఈ ప్రశ్న. మీరు ఇద్దరికీ లేదన్నారు. మేమేం చేయాలి చెప్పండి?"

"నిజం సెప్తే స్టీరింగు పోతాది మేడం."

ఆమెకూ కోపం వచ్చింది. అయినా ఓపిగ్గా చెప్పింది. ఆ మాత్ర బదులు ఇంకో బీపీ మాత్ర ఇస్తానంది. అది యూరిక్ యాసిడ్‌ని కొంచెం బయటికి పంపిస్తాదంట. కిడ్నీ రిపోర్టు బాగుండాది కాబట్టి కొవ్వుకు ఒక మాత్ర రాస్తానంది. అది కొవ్వును తగ్గించేదే అయినా, యూరిక్ యాసిడ్‌ని గూడా ఒంటికి పోయేటప్పుడు లాక్కోని పోతాదంట. పాత యూరిక్ మాత్ర మటుకు నొప్పి తగ్గినాక మళ్ళీ మొదలుపెట్టాలంట.

"అది వేసుకుంటేనే నొప్పి ఎగేస్తాది మేడం."

"కొత్తల్లో ఎగేస్తుంది. కీళ్ళలో పేరుకున్నది కరగడం మొదలుపెడితే అట్లాగే ఉంటుంది. దానికి అడ్డంగా ఇంకో చిన్న మాత్ర కలిపి ఇస్తాను. ఆపకూడదు. మీరు ఆపి మొదలుపెట్టి, ఆపి మొదలుపెట్టి, ప్రతిసారీ మొదటి నొప్పే పడుతున్నారు. ఇది మీకెవరూ చెప్పలేదా?"

"సెప్పలేదు మేడం."

ఆమె పాత చీటీలు పక్కకు నెట్టి కొత్తది రాయడం మొదలుపెట్టింది. "నెలన్నర తరవాత మళ్ళీ రక్తం చూద్దాం. నీళ్ళు తాగండి. బండి ఆపండి. ఎవరన్నా అరిస్తే అరవనీండి. ఇంకొకటి. మీ ఓనరుకు నేను రాసిస్తాను. తాగుడు వల్ల కాదు, బీపీ మాత్ర వల్ల అని. బీపీ అదుపులో ఉన్న మనిషి బండి నడపచ్చు అని గూడా రాస్తాను."

గురుమూర్తి చెయ్యి చాపబోయి ఆగినాడు. "తాగుడు కాదని మాత్రం రాసియ్యండి మేడం. బీపీ మాట లేకుండా."

"మరి దేనివల్ల వచ్చిందని రాయాలి?"

గురుమూర్తి బల్ల మీది పాత రిపోర్టులు మడుచుకున్నాడు. ఆమె కాయితం తీయబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దులే మేడం," అన్నాడాయన. "మాత్రలు రాయండి."

* * *

వారం ఇంట్లో పడుకున్నాడు. వాపు దిగింది. చర్మం పొట్టు రేగి కింద కొత్త తోలు కనపడింది. చెంబుతో నీళ్ళు తాగతా, కొత్త మాత్రలు వేసుకుంటా, గుమ్మంలో కూచోని రోడ్డు చూస్తా ఉండాడు. రోజూ పొద్దున తన బండి హారను వినపడతాది. భరత్ హారను ఎక్కువ కొడతాడు.

కాలు మోపగలిగిన దినం నల్లప్ప షెడ్డుకు పోయినాడు. నల్లప్ప కుర్చీలో కూచోని ఇడ్లీ తింటాండాడు. శ్రీనివాసులు కొంచెం దూరంలో టైరు ముందర గొంతుకూర్చోని గాలి పడతాండాడు.

"రా గురుమూర్తీ. కాలెట్లుంది?"

"తగ్గిపోయిందన్నా. రేపట్నించి బండెక్కుతా."

నల్లప్ప సాంబారు కలుపుకున్నాడు. "ప్యాసింజర్లు నాకు ఫోన్లు సేస్తాండారు. డ్రైవరు తాగి నడుపుతాండాడని. నవీన్ని అడిగినా. డాక్టరే సెప్పినాడంట గదా."

"అబద్ధమన్నా. నేను తాగను. ఇన్నేండ్లుగా నన్ను సూస్తాండావు."

"తాగకుండా ఈ యూరిక్ యాసిడ్, కొవ్వు యాడ్నుంచొచ్చినాయి? ఏదో ఒకటి ఉండాల గదా. నాకు తెల్లా, నువ్వే సెప్పు." నల్లప్ప తినడం ఆపి ఆయన మొగంలోకి చూసినాడు. "బీపీ గీపీ ఏమన్నా ఉండాదా?"

గాలిపైపు చప్పుడు ఆగింది. శ్రీనివాసులు ఇటు చూడలా. ఇంకో టైరు దగ్గరికి జరగలా. అట్లే కూచోనుండాడు.

"బీపీ అయితే ఇప్పుడే సెప్పేయ్," అన్నాడు నల్లప్ప. "కోప్పడను. ఈడ షెడ్డులోనే ఏదో పని సూపిస్తా. కానీ స్టీరింగు మాత్రం ఇయ్యను. దోవలో గుండె పట్టుకోని వాలిపోతే నలభై మంది పాణాలు. నా బండి గూడా పాయె. తాగుడనుకో, అది వేరే సంగతి. తాగేవోడు మానతాడు. బీపీ మానతాదా?"

ఏం న్యాయమిది? తాగి నడిపేవోడి చేతికి బండి ఇస్తాడంట. మాత్ర మింగి, ఒళ్ళు దగ్గర పెట్టుకోని నడిపేవోడికి ఇయ్యడంట. గురుమూర్తికి అరవాలనిపించింది. నల్లప్ప ఇడ్లీ గిన్నె ఎత్తి అవతల పారేయాలనిపించింది. డాక్టరమ్మ రాసిస్తానన్న మాట గొంతుదాకా వచ్చింది. ఆ కాయితం ఉన్నా ఏమయ్యేది? దాంట్లో మొదటి ముక్క చదివి, రెండో ముక్క చదవకుండానే నల్లప్ప ఆయన చేతికి బకెట్టు ఇచ్చుంటాడు.

శ్రీనివాసులు వీపు మాత్రమే కనపడతాండాది. నూనె మరకల చొక్కా, వంగిపోయిన మెడ.

"తాగతాండానన్నా," అన్నాడు గురుమూర్తి.

తన గొంతు తనకే వేరే ఎవరిదో మాదిరి వినపడింది. నల్లప్ప మొగం తేటపడింది. నిజంగానే సంతోషపడినాడు. తన అనుమానం నిజమైతే ఏ మనిషికైనా అట్లే ఉంటాది.

"అట్ల దారికి రా. ముందే సెప్పుంటే ఇంత దూరం వచ్చేదా? ఎప్పట్నించి?"

"ఏడాదిగా."

"రోజూనా?"

"రోజూ. పొద్దున్నే."

"పొద్దున్నేనా, ఓరి నీ పాసుగాల." నల్లప్ప చెయ్యి కడుక్కోని వచ్చి ఆయన భుజం తట్టినాడు. "అయిపోయిందేదో అయిపోయింది. కాణిపాకం పోదాం. వినాయకుడి ముందర ప్రమాణం చెయ్యి, ఇంకెప్పుడూ ముట్టనని. ఆ స్వామి ముందర ఒట్టు తప్పినోడు బాగుపడలేదు. చేసినావంటే స్టీరింగు నీదే. భరత్ను వేరే బండికి మారుస్తా."

"సరేన్నా."

శ్రీనివాసులు లేచి, గాలిపైపు చుట్టుకోని, లోపలికి పోయినాడు.

* * *

కాణిపాకానికి నల్లప్ప తన కారులోనే తోడుకోనిపోయినాడు. నవీన్ గూడా వచ్చినాడు. గురుమూర్తి తానం చేసి, తడిబట్టల్తో స్వామి ముందర నిలబడినాడు. అక్కడ అబద్ధం చెప్పడానికి ఎంత మొండోడైనా జంకుతాడు.  ఇంకెప్పుడూ సారాయి, బ్రాందీ, ఏదీ ముట్టనని చెప్పమన్నారు. చెప్పినాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఇంకెప్పుడూ ముట్టడు. దాంట్లోనే ఆయన తన మనసును కట్టేసుకోని, మిగిలింది స్వామికి వదిలేసినాడు.

బయటికొచ్చినాక నల్లప్ప ఆయనకు దండ వేసి ఫోటో తీయించినాడు. డ్రైవర్లు, కండక్టర్ల గ్రూపులో పెట్టినాడు. సాయంత్రానికి అది పుంగనూరు, పలమనేరు, కుప్పం అన్నీ తిరిగొచ్చింది. చేతులు జోడించిన బొమ్మలు, పూల బొమ్మలు వరసగా పడతానే ఉండాయి.

ఆదిలక్ష్మి ఆ ఫోటో సంఘంలో ఎవరి ఫోన్లోనో చూసింది. ఇంటికొచ్చి తిట్టలా. తిట్టింటే బాగుండేది. అన్నం పెట్టింది, నీళ్ళు పెట్టింది, కొత్త మాత్రల పొట్లం పక్కనే పెట్టింది.

"స్టీరింగు ఇచ్చినారా?" అనడిగింది.

"ఇచ్చినారు."

"మంచిది. ఇంక నీ మొగుడు తాగతాడా అని ఎవురన్నా అడిగితే, మానేసినాడని సెప్పుకుంటాలే." అని పక్కకు తిరిగి పడుకుంది.

* * *

బండి మళ్ళా గురుమూర్తి చేతికొచ్చింది. కాలు నొప్పి లేదు. బ్రేకు వేలితో అదిమితే చెప్పిన మాట వింటాండాది. సీటు వెనక్కి జరుపుకున్నాడు. పక్కన నీళ్ళసీసా పెట్టుకున్నాడు. పుంగనూరు దాటినాక ఒకచోట బండి ఆపి దిగి, ఒంటికి పోసి వస్తే, ఎవరూ అరవలా. అరవకపోగా ఒకాయన, "పాపం, మందు మానేసినోళ్ళకు ఒంట్లో అట్లనే ఉంటాది," అన్నాడు పక్కాయనతో.

పలమనేరు హోటలాయన బాదంపాలు పట్టుకోనొచ్చినాడు. వద్దంటే, "ఇది గూడా మానేస్తావా? మరీ అంత పట్టుదల పనికిరాదు సామీ," అని నవ్వినాడు. మొగం మాత్రం మాడ్చుకోలా. ఇప్పుడు గురుమూర్తి ఏం చేసినా దానికొక మంచి అర్థం ఉండాది. తాగనివాడుగా ఇన్నేండ్లు బతికితే ఒక్కరూ పలకరించలా. తాగి మానేసినాడంటే దారిపొడుగునా మర్యాదే.

మరుసటి దినం కుప్పం ట్రిప్పులో, పెద్దపంజాణి పక్క పల్లెలో ఒకామె ఎక్కింది. సీట్లు ఖాళీగానే ఉండాయి. అయినా నేరుగా ముందుకొచ్చి ఇంజను పక్కన కూచుంది. చేతిలో పాల క్యాను ఉండాది. రుక్మిణమ్మని ఆమెకు పేరు, రోజూ పలమనేరులో పాలు పోసొస్తాది. గురుమూర్తికి మొగం తెలుసు, మాట తెలీదు.

"అప్పా," అన్నింది కొంచెం సేపటికి. "ప్రమాణం సేసి మందు మానేసినోడివి నువ్వేనంట గదా."

గురుమూర్తి రోడ్డు చూస్తా తలూపినాడు. ఇట్లాంటివి రెండు దినాలుగా అలవాటయినాయి.

"ఎట్ల మానేసినావప్పా?" ఆమె గొంతు తగ్గించింది. "మా ఇంటాయనతో గూడా మూడుసార్లు ప్రమాణం సేయించినా. వారం దాటలా. మానేసిన రెండోనాటికే సేతులు వణకతాయి, నిద్ర పట్టదు, ఒళ్ళంతా సెమట్లు. తట్టుకోలేక మళ్ళా పోతాడు. నీకట్ల కాలేదా? నువ్వెట్ల ఓర్సుకున్నావు? డాక్టరేమన్నా మాత్ర ఇచ్చినాడా?"

గురుమూర్తి గేరు మార్చినాడు. 

"ఆ మాత్ర పేరు సెప్పప్పా. నేను కొనుక్కోనిపోయి పాలల్లో కలిపి ఇస్తా. ఆయన కాలేయం సెడిపోయిందంట. ఇంకో ఆర్నెల్లు ఇట్లే తాగితే లేదన్నారు. నాకు ఇద్దరు ఆడబిడ్డలుండారు." ఆమె చీర కొంగుతో మొగం తుడుచుకుంది. "నిన్న నీ ఫోటో సూసినాక నాకు కొంచెం ధైర్యమొచ్చింది. ఒకరన్నా మానేసినారు గదా అని."

వెనకాల నవీన్ టిక్కెట్లు కొడతాండాడు. దూరంగానే ఉండాడు. గురుమూర్తి అద్దంలో వాణ్ణి ఒకసారి చూసుకున్నాడు. ఏదో ఒకటి చెప్పి పంపించేయచ్చు. దేవుడి దయ అనచ్చు, మనసు గట్టిగా పెట్టుకోవాల అనచ్చు. ఆ మాట పట్టుకోని ఈమె ఇంటికి పోయి, మొగునికి మాత్ర లేకుండా, డాక్టరు లేకుండా, గట్టిగా ఉండమని చెప్తా ఆర్నెల్లు గడిపేస్తాది.

"అమ్మా," అన్నాడు, ఇంజను చప్పుడుకు పైన ఆమెకు మాత్రమే వినపడేటట్టు. "నేనెప్పుడూ తాగినోన్ని కాదు. నాకుండేది బీపీ. ఆ మాత్ర పడక కాలు వాసింది. అందరూ తాగుడనుకున్నారు. బీపీ అంటే స్టీరింగు పోతాదని నేనే అవునన్నా. నీకు సెప్పేదానికి నా దగ్గర మాత్ర లేదమ్మా. కుప్పంలో ఒక డాక్టరమ్మ ఉండాది, మంచిది. మీ ఆయన్ని ఆడికి తోడుకోనిపో. ఈ మాట ఎవురితోనూ అనద్దు."

ఇంట్లోవాళ్ళకూ డాక్టరమ్మకూ తప్ప ఏడాదిగా ఎవరికీ చెప్పలేని నిజం ఒక్క పొద్దులో బయటికొచ్చేసింది. గురుమూర్తికి భయమేసింది. తేలిగ్గా గూడా ఉండాది.

రుక్మిణమ్మ ఆయన్ని తేరిపార చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పాలక్యాను మూత సరిచేసుకుంది.

"మా ఇంటాయన గూడా ఇదే అంటాడప్పా," అన్నింది. "నేను తాగలేదు, నాకేదో జబ్బు, అందుకే తూల్తాండాననే అంటాడు. నాకలవాటే. సెప్పేది ఇష్టం లేకపోతే సెప్పొద్దులే, అబద్ధాలెందుకు?"

లేచి, సీట్లు పట్టుకుంటా, వెనక్కి పోయి కిటికీ పక్కన కూచుంది. పలమనేరు వచ్చినాక వెనక తలుపు నుంచే దిగిపోయింది.